ఇనప పెనం చుట్టూ ఎనిమిది కుర్చీలు

ముక్కూ మొహం తెలియని వాళ్ళ పక్కన కూర్చుని మీరెప్పుడైనా హోటల్లో భోంచేశారా? పెళ్ళిబంతి సంగతి వేరు లెండి. అక్కడ పక్కన కూర్చున్నావిడ ఎవరైనా తీగ లాగితే ఏదో ఒక వరస తేలుతుంది. డబ్బులిచ్చి తినే చోట, అవతల ఖాళీ బల్లలు కనిపిస్తూనే ఉండగా, మనల్ని తీసుకెళ్ళి పరాయివాళ్ళ మధ్య కూర్చోబెడితే ఎలా ఉంటుంది?

రెండేళ్ళ క్రితం న్యూజెర్సీలో మా అక్క దగ్గరికి వెళ్ళినప్పుడు నాకు సరిగ్గా అదే జరిగింది. అక్క కూతురి పుట్టినరోజు అని అందరం కలిసి ఒక జపనీస్ స్టీక్‌హౌస్‌కి బయల్దేరాం. స్టీక్ అంటే మాంసాన్ని అరచేయంత మందపాటి ముక్కగా కోసి కాల్చి పెట్టేది. ఎక్కువగా గొడ్డుమాంసమే. “అక్కడ మనం తినేదేముంటుందే అక్కా?” అని నేను నసిగితే, “కోడి ఉంది, రొయ్యలున్నాయి. ఏదీ వద్దంటే కూరగాయలూ, అన్నమూ ఉన్నాయి. అయినా నిన్ను తీసుకెళ్ళేది తినడానికి కాదు, చూడ్డానికి. పద” అంది.

మేం నలుగురం. మమ్మల్ని ఒక పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బల్ల నడిమి భాగమంతా ఒకటే ఇనప పెనం. మంచం అంత ఉందంటే నమ్మండి! దాని చుట్టూ కంచాలు పెట్టుకోవడానికి జానెడు వెడల్పున చెక్క అంచు. మొత్తం ఎనిమిది కుర్చీలు. మిగిలిన నాలుగింటిలో ఒక ముసలి దంపతులు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒకరి మొహాలు ఒకరం చూసుకుని ఇబ్బందిగా నవ్వుకున్నాం.

అంతలో నెత్తిన ఎర్రటి పొడుగు టోపీ, నడుముకి కత్తుల ఒరా పెట్టుకుని వంట మాస్టరు చిన్న తోపుడుబండితో వచ్చాడు. వంగి దణ్ణం పెట్టాడు. అట్లకాడలు రెండూ గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. గుడ్డుని అట్లకాడ మీద బొంగరంలా తిప్పి, పైకెగరేసి, అంచు మీద పగలగొట్టాడు. ఉల్లిపాయ చక్రాల్ని ఒకదానిమీద ఒకటి గోపురంలా పేర్చి, మధ్యలో నూనె పోసి అంటించాడు... భగ్గుమని మంట లేచింది. పిల్లలు కేరింతలు. ముసలావిడ భయపడి నా చెయ్యి పట్టుకుంది. అంతే, ఆ క్షణం నుంచి మేం ఎనిమిది మందిమీ చుట్టాలమైపోయాం!

అందరూ మంటని చూస్తుంటే నా కళ్ళు మాత్రం అతని బండి మీద పడ్డాయి. పదిహేనేళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఎర్రమాంసం, కోడి, రొయ్యలు, ఉల్లిపాయలు, కీరదోసలా ఉండే ఒక కాయ, పుట్టగొడుగులు, ముందే వండిన అన్నం, గుడ్లు, నూనె, వెన్న, సోయా సాస్. అంతే. లెక్కపెడితే పన్నెండు వస్తువులు లేవు. వీటితోనే ఎనిమిది మందికి గంటసేపు కడుపునిండా భోజనం, కళ్ళనిండా తమాషా. లేచేటప్పుడు పెనం మీదా, బండి మీదా మిగిలింది గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు.

నాకు వెంటనే మా వదిన గుర్తొచ్చింది.

మా వదిన 2018 దసరాకి రాజమండ్రిలో ఒక కాలేజీ దగ్గర టిఫిన్ సెంటరు పెట్టింది. చేతి నాలుగు గాజులూ తాకట్టు పెట్టి, అన్నయ్యతో నెల రోజులు మాటలు లేకుండా పోట్లాడి మరీ పెట్టింది. ఆవిడ చేతివంట గురించి నేను చెబితే గొప్పలు పోయినట్టుంటుంది. ఆ పెసరట్టు తిన్నవాళ్ళు మళ్ళీ వచ్చేవాళ్ళు. నేను బి.కాం. చదివాను కదా అని పద్దు పుస్తకం నాకప్పగించింది. శనివారం శనివారం ఫోన్లో లెక్కలు చెప్పేది, నేను రాసేదాన్ని. గోడమీద బోర్డులో 22 రకాలు. రాత్రి అయ్యేసరికి రెండు గిన్నెల పిండి, ఒక గిన్నె చట్నీ, సాంబారు సగం తపేలా. సంక్రాంతికి ఊరెళ్ళిన మాస్టరు తిరిగి రాలేదు, పోతూ పోతూ సహాయకుణ్ణి కూడా తీసుకుపోయాడు. ఎనిమిది నెలలకి మూతపడింది. గాజుల్లో రెండే వెనక్కి వచ్చాయి.

ఎక్కడ పోయింది డబ్బు? ఆ పుస్తకం నా బీరువాలో ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు తిరగేసినా తెలియలేదు. ఆ పెనం ముందు కూర్చున్నాక మాత్రం, తెలుసుకోవాలన్న పట్టుదల వచ్చింది. ఇంటికొచ్చాక ఈ స్టీక్‌హౌస్‌ల పుట్టుపూర్వోత్తరాలన్నీ వెతికి చదివాను. మీకూ చెప్పాలనిపించింది.

పెనమా, కుంపటా?

అమెరికాలో ఈ వంటని అందరూ ‘హిబాచి’ అంటారు. జపాన్ వాళ్ళు వింటే నవ్వుతారట. హిబాచి అంటే బొగ్గుల కుంపటి. చలికాలంలో చేతులు కాచుకోవడానికి గదిలో పెట్టుకునేది. పెనం మీద చేసేదాన్ని ‘తెప్పన్‌యాకి’ అంటారు. తెప్పన్ అంటే ఇనప పలక, యాకి అంటే కాల్చడం. పెనాన్ని కుంపటి అని పిలిచి, ఆ తప్పు పేరునే అరవై ఏళ్ళుగా వాడుతున్నారన్నమాట!

ఇది జపాన్‌లో తాతలనాటి వంట కూడా కాదు. అక్కడ క్రీ.శ. 675లోనే తెమ్ము చక్రవర్తి ఏడాదిలో కొన్ని నెలలపాటు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని ఆజ్ఞ వేశాడు. బౌద్ధం ప్రభావం. ఆ పట్టింపు వందల ఏళ్ళు నడిచింది. 1872లో మెయిజీ చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిని, ఆ సంగతి లోకానికి తెలియనిచ్చాకే చాలామంది జంకు వదిలారు. యుద్ధం అయిపోయిన 1945లో కోబె నగరంలో ‘మిసోనో’ అనే హోటలువాళ్ళు ఇనప పలకమీద స్టీక్ కాల్చి వడ్డించడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ దేశంలో మకాం వేసిన అమెరికా సైనికులు, మాంసంకంటే ఆ కత్తుల విన్యాసానికే ఎక్కువ ముచ్చటపడ్డారు. జపాన్ వాళ్ళకి అంత మోజు పుట్టలేదు. అంటే ఈ వంట మొదటినుంచీ అతిథి కోసం పుట్టిందే.

దాన్ని అమెరికాకి మోసుకుపోయి కోట్లు సంపాదించినవాడు ఒక కుస్తీ వస్తాదు.

ఐస్‌క్రీం బండి నుంచి

పేరు హిరోఆకి ఆవోకి. అమెరికాలో అందరూ రాకీ అనేవాళ్ళు. 1938లో టోక్యోలో పుట్టాడు. తల్లిదండ్రులు యునోసుకే, కాత్సు యుద్ధం తర్వాత ఒక చిన్న కాఫీ హోటలు నడిపారు. బాంబులు పడి కాలిపోయిన వీధిలో శిథిలాల మధ్య ఒక ఎర్రటి కుసుమ పువ్వు కనిపిస్తే, దాని పేరే హోటలుకి పెట్టుకున్నారని వాళ్ళింట్లో చెప్పుకునే కథ. జపాన్ భాషలో ఆ పువ్వు పేరు ‘బెనిహానా’. చక్కెర దొరకని ఆ రోజుల్లో అసలైన చక్కెరే వెయ్యాలని తండ్రి సైకిలు మీద ఇరవై మైళ్ళకి పైగా వెళ్ళి తెచ్చేవాడని కూడా చెబుతారు. కొడుకు తర్వాత చేసినదంతా చూస్తే, ఈ చక్కెర కథ నిజమే అయ్యుంటుందనిపిస్తుంది నాకు.

కుస్తీ కోసం అమెరికా వెళ్ళిన కుర్రాడు అక్కడే ఉండిపోయాడు. 1962, 63, 64 మూడేళ్ళూ వరసగా అక్కడి జాతీయ పోటీల్లో తన బరువు విభాగంలో గెలిచాడు. బతుకుతెరువు మాత్రం న్యూయార్క్‌లో హార్లెమ్ వీధుల్లో ఐస్‌క్రీం బండి. అందరూ అమ్మే ఐస్‌క్రీమే, ఇతను పైన ఒక బుల్లి కాగితపు గొడుగు గుచ్చి ఇచ్చేవాడట. పిల్లలు గొడుగు కోసం ఎగబడేవాళ్ళు. పగలు బండి, మరోపక్క కాలేజీలో హోటలు నిర్వహణ చదువు. అలా పదివేల డాలర్లు కూడబెట్టాడు, ఇంకో ఇరవై వేలు అప్పు చేశాడు. 1964లో న్యూయార్క్ 56వ వీధిలో ‘బెనిహానా’ తెరిచాడు. అదీ నాలుగంటే నాలుగు బల్లలతో.

జనం ఎగబడ్డారా? లేదు. మొదటి నెలలు ఈగలు తోలుకోవడమే. అప్పుడు ఒకావిడ వచ్చింది.

ఆవిడ పేరు క్లెమెంటైన్ పాడిల్‌ఫర్డ్. ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’లో వంటల గురించి రాసేది. ఆవిడ గురించి విడిగా ఒక వ్యాసమే రాయొచ్చు. కాన్సస్ పల్లెటూరి పిల్ల. గొంతుకి క్యాన్సర్ వచ్చి ఆపరేషను చేస్తే, అప్పట్నుంచీ గొంతులో గొట్టంతోనే ఊపిరి, మాట. దానికి ఒక రిబ్బను చుట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఏ ఊళ్ళో ఏ ఇల్లాలు ఏం వండుతోందో తెలుసుకోవడానికి విమానం నడపడం నేర్చుకుని, తన విమానంలో తనే వెళ్ళేది! అలాంటి మనిషి ఈ నాలుగు బల్లల హోటలు గురించి 1965లో మెచ్చుకుంటూ రాసింది. ఆ తర్వాత బయట వరస కట్టారు జనం. అప్పులు తీరిపోయాయి. 1968లో చికాగో, ఆ తర్వాత ఒక్కొక్క ఊరూ... 1972 నాటికి 15 హోటళ్ళు.

ఆవిడ రాయకపోతే ఏమయ్యేదో! ఆ పెనం కూడా మా వదిన గ్రైండరులాగా పాతసామాన్ల వాడికి పోయేదేమో.

పద్దు పుస్తకం చెప్పేది

1972లోనే హార్వర్డ్ బిజినెస్ స్కూలువాళ్ళు ఈ హోటలు లెక్కల్ని పాఠంగా రాశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మేనేజ్‌మెంట్ విద్యార్థులు దాన్ని చదువుతూ వచ్చారు. నేనూ చదివాను. పెద్ద పెద్ద మాటలున్నాయి గానీ, తీసి చూస్తే మన ఇల్లాళ్ళకి తెలిసిన సంగతులే.

మొదటిది వంటగది. హోటలుకి అద్దె కట్టేది అడుగుల లెక్కన. అందులో కనీసం మూడో వంతుకి దగ్గరగా వెనక వంటగదికీ, సామాన్ల గదికీ పోతుంది. అక్కడ కూర్చుని తినేవాడెవడూ ఉండడు, కాబట్టి ఆ అడుగులు పైసా సంపాదించవు. రాకీ ఏం చేశాడు? వంటని ముందుకి తెచ్చి జనం మధ్యే పెట్టాడు. వెనక మిగిలింది కోసి పెట్టుకునే చోటు, చల్లపెట్టె, పనివాళ్ళు బట్టలు మార్చుకునే గది, ఆఫీసు... అంతా కలిపి నూటికి 22 వంతులే. మామూలు హోటల్లో అది 30 వరకూ ఉండేది.

రెండోది సరుకు. అమెరికావాళ్ళకి కొత్తరకం చోటులో కూర్చోవడం ఇష్టమేగానీ, కొత్తరకం తిండి అంటే భయమని అతను కనిపెట్టాడు. పచ్చిచేపలూ, సముద్రపు నాచూ వాళ్ళ ముందు పెట్టలేదు. స్టీకు, అందులోనే ఇంకో మెత్తటి రకం, కోడి, రొయ్యలు. నాలుగే. దానికి ఇన్ని కూరగాయలు, అన్నం. నాలుగు రకాలే కొంటే చెడిపోయేది తక్కువ, నిలవ తక్కువ, కొనేవాడికి బేరమాడే బలమూ ఎక్కువ. వంద రూపాయల భోజనం అమ్మితే సరుకుకి అయ్యేది 30 నుంచి 35. అప్పటి మామూలు హోటళ్ళకి 38 నుంచి 48 దాకా అయ్యేది. ఆ తేడానే లాభం!

ఇక్కడ నేను లేచి వెళ్ళి బీరువాలోంచి వదిన పుస్తకం తీశాను. ఏ వారానికి ఆ వారం కూడితే సరుకు ఖర్చు నూటికి 55కి ఎక్కడా తగ్గలేదు. 22 రకాల్లో రోజూ కదిలేవి ఆరు. మిగిలిన పదహారూ “ఎవరైనా అడిగితే లేదనకూడదు” అని పెట్టినవి. వదిన మంచితనానికి మేం కట్టిన ఖరీదది.

మూడోది మనుషులు. ఒక వంట మాస్టరు, ఒక వడ్డించే అమ్మాయి. ఈ ఇద్దరూ కలిసి రెండు బల్లలు, అంటే 16 మందిని చూసుకునేవారు. వండేవాడే వడ్డిస్తాడు, వడ్డించేవాడే వినోదం చేస్తాడు. జీతాల ఖర్చు వందకి 10 నుంచి 12 దాటలేదట. మామూలు హోటళ్ళలో అది రెండింతలకి పైమాటే.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ ఎనిమిది కుర్చీల మర్మం. మా వదిన సెంటర్లో నాలుగు కుర్చీల బల్లలు ఆరు ఉండేవి. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఒక బల్ల ఆక్రమిస్తే, మిగతా రెండు కుర్చీలూ ఖాళీ. కొత్తవాళ్ళు కూర్చోరు, మనం కూర్చోమనం. చోటులేదని వెళ్ళిపోయినవాళ్ళని వదిన గుమ్మంలో నిలబడి చూసేది. కానీ అక్కడ? పెనం ఒకటే కాబట్టి దాని చుట్టూ ఎవరు కూర్చున్నా తప్పు కాదు. ఎనిమిదీ నిండాకే పొయ్యి వెలుగుతుంది. ఎనిమిది మందికీ ఒక్కసారే వంట. గ్యాసు ఒకసారే, మాస్టరు చెయ్యి ఒకసారే. ఎనిమిది నిండేదాకా వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలి? పక్కనే బారు. మొదటి హోటల్లో బారుకి చాలినంత చోటు వదలక నాలిక కరుచుకున్నాడు, తర్వాతవాటిలో పెద్దది చేశాడు. మొత్తం అమ్మకాల్లో దాదాపు మూడోవంతు ఆ పానీయాల మీదే వచ్చేది. కాచుకోవడం కూడా వ్యాపారమే అయింది చూశారా!

తిన్నవాళ్ళని లేపడం ఇంకో విద్య. మన హోటళ్ళలో కాఫీ తాగి గంటసేపు కబుర్లు చెప్పుకునేవాళ్ళని ఏమనగలం? అక్కడ మాస్టరు ఆఖరి ముక్క వడ్డించి, వంగి దణ్ణం పెట్టి, వేణ్ణీళ్ళు పోసి పెనం గీకడం మొదలుపెడతాడు. ఆట అయిపోయింది, ఇక దయచెయ్యండి అని నోటితో చెప్పక్కర్లేదు. రద్దీ వేళల్లో ముప్పావు గంటలో బల్ల తిరిగిపోతుందట.

పొగ సంగతి

ఇదంతా వింటే “ఓస్, ఇంతేనా!” అనిపిస్తుంది. అందుకే కొన్ని కష్టాలు కూడా చెప్పాలి.

జనం మధ్య పెనం పెడితే పొగ ఎక్కడికి పోతుంది? ప్రతి పెనం మీదా ఇంటికప్పు నుంచి ఒక పెద్ద పొగగొట్టం దిగాలి. వాసన, ఆవిరి, వేడి అన్నీ అది లాగెయ్యాలి. లాగిన గాలికి బదులు బయటి గాలి లోపలికి వదలాలి, లేకపోతే తలుపు తెరుచుకోదట. మంటలార్పే ఏర్పాటు దానికే అమర్చాలి. అధికారులు వచ్చి చూసి సరే అంటేనే పొయ్యి వెలిగేది. పది బల్లలుంటే పది పొగగొట్టాలు. స్టీక్‌హౌస్ పెట్టేవాడి డబ్బులో పెద్ద ముద్ద కంటికి కనిపించని ఈ గొట్టాల్లోకే పోతుంది. మాకు కనబడేది ఎర్రటోపీ, ఎగిరే గుడ్డు.

ఆ తర్వాత మాస్టర్లు. మొదట్లో రాకీ జపాన్ నుంచే తెప్పించుకునేవాడు. పెళ్ళికాని కుర్రాళ్ళు, మూడేళ్ళు వంట నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకి ఇంకో మూణ్ణెల్ల నుంచి ఆర్నెల్ల దాకా ఇంగ్లీషూ, అమెరికా మర్యాదలూ, కత్తుల విన్యాసాలూ నేర్పించి పంపేవాళ్ళు. ఒక్క మాస్టరు తయారవడానికి అన్నేళ్ళు! తయారైనవాడు ఊరుకుంటాడా? కొందరు బయటికొచ్చి సొంతంగా పెనాలు పెట్టుకున్నారు. ఇప్పుడు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఇలాంటి హోటళ్ళు ఉన్నాయంటే, అదీ ఒక కారణం. వాటిల్లో చాలావాటికి యజమానులు చైనావాళ్ళు. మాకు వండిన అబ్బాయిది మెక్సికో అట. “ఈ మంట పెట్టడం ఎన్నాళ్ళకి వచ్చింది?” అని అక్క అడిగితే, “మంట వారంలో వచ్చింది. రెండు బల్లలకి అన్నం ఒకేలా వేయించడానికి ఏడాది పట్టింది” అన్నాడు. వంట తెలిసినవాడి మాట!

వినోదం కూడా అప్పుడప్పుడు మెడకి చుట్టుకుంటుంది. రొయ్య ముక్కని అట్లకాడతో ఎగరేసి ఎదుటివాళ్ళ నోట్లో వెయ్యడం వీళ్ళ ఆటల్లో ఒకటి. 2001లో న్యూయార్క్ దగ్గర ఒక బెనిహానాలో అలా ఎగరేసిన ముక్క తప్పించుకోబోయి ఒకాయన మెడకి దెబ్బ తగిలిందని, ఆ తర్వాత ఆపరేషన్లు వికటించి చనిపోయాడని ఆయన కుటుంబం కోటి డాలర్ల దావా వేసింది. 2006లో జ్యూరీ హోటలు తప్పు లేదంది. తీర్పు ఎటు వచ్చినా అన్నేళ్ళు కోర్టు మెట్లెక్కాల్సిందే కదా.

ఇంకొక సంగతి నన్ను తొలిచింది. ఆ రాత్రి హాల్లో పెనాలన్నిటి ముందూ మగవాళ్ళే. అన్నం గిన్నెలూ, గ్లాసులూ మోసుకొచ్చేది ఆడపిల్లలు. బెనిహానాలో తొలిరోజుల నుంచీ అంతే, వాళ్ళకి కిమోనోలు కట్టబెట్టి వడ్డింపుకి పంపేవారు. ఇంట్లో రోజూ మూడు పూటలా వండితే అది మన ధర్మం. అదే వంట నలుగురి ముందూ చేసి చప్పట్లు కొట్టించుకుంటే మాత్రం అది మగవాడి విద్య! చప్పట్లన్నీ అతనికే కదా.

జపాన్‌లో మాత్రం ఇదే పెనం ముందు ఆడవాళ్ళు నిలబడ్డ ఊరు ఒకటుంది. హిరోషిమా. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడ్డాక ఆ ఊళ్ళో ఏం మిగిలిందో అందరికీ తెలిసిందే. బియ్యం లేవు. అమెరికా నుంచి సాయంగా వచ్చిన గోధుమపిండి ఉంది. శిథిలాల్లో ఇనప రేకులు దొరికాయి. మొగుళ్ళు పోయి, పిల్లలతో మిగిలిన ఆడవాళ్ళు ఎంతోమంది ఇంటి ముందు గదిలోనే పెనం పెట్టారు. పల్చటి పిండితో అట్టు పోసి, దానిమీద గుట్టగా క్యాబేజీ తరుగు వేసి, దొరికితే కాస్త మాంసమో, గుడ్డో, సేమ్యాల్లాంటివో పేర్చి కాల్చి ఇచ్చేవారు. ‘ఒకొనొమియాకి’ అంటారు దాన్ని. యుద్ధానికి ముందు పిల్లలు కానీకి కొనుక్కునే చిరుతిండి, యుద్ధం తర్వాత పెద్దల కడుపు నింపే భోజనమైంది. ఆ ఊళ్ళో ఈనాటికీ చాలా దుకాణాల పేర్ల చివర ‘చాన్’ అని ఉంటుంది. మనం బుజ్జి, అమ్మలు అన్నట్టు ముద్దుగా పిలిచే పిలుపది. ఇరుగుపొరుగు ఆవిణ్ణి ఏమని పిలిచేవారో దుకాణానికీ అదే పేరు. ఇప్పుడు ఆ అట్ల కోసమే ‘ఒకొనొమిమురా’ అని ఒక భవనం ఉంది, లోపల ఇరవైకి పైగా దుకాణాలు. బల్ల అంచున కూర్చుని, పెనం మీదినుంచే చిన్న అట్లకాడతో కోసుకు తింటారు. కంచం అక్కర్లేదు. తోముకునే పని లేదు! ఆ ఏర్పాటు ఇల్లాలి బుర్రలోంచే వచ్చుంటుందని నా అనుమానం.

ఆ ఆడవాళ్ళెవరూ కోటీశ్వరులు కాలేదు. పిల్లల్ని పెంచుకున్నారు.

రాకీ కోటీశ్వరుడయ్యాడు. పడవ పందాలు, 1981లో బెలూనులో పసిఫిక్ మహాసముద్రం దాటడం, పత్రికల్లో ఫొటోలు. షేర్ల వ్యవహారంలో ఒక కేసులో 1999లో నేరం ఒప్పుకున్నాడు. హోటళ్ళ పెత్తనం ట్రస్టు చేతికి పోయింది. ఏడుగురు పిల్లల్లో నలుగురిమీద తనే కోర్టుకెళ్ళాడు, తన వ్యాపారం లాక్కోవాలని చూస్తున్నారని. 2008 జూలైలో 69వ ఏట పోయాడు. 2012లో బెనిహానాని ఒక పెట్టుబడుల సంస్థ కొన్నది, 2024లో వన్ గ్రూప్ అనే ఇంకో కంపెనీ 36 కోట్ల 50 లక్షల డాలర్లకి కొన్నది. నాలుగు బల్లలకి అంత ఖరీదు!

అమెరికా నుంచి వచ్చిన నెలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు వదినకి ఇదంతా చెప్పాను. పద్దు పుస్తకం కూడా తీసుకెళ్ళాను. అప్పటికే ఆవిడ మళ్ళీ సెంటరు పెడతానని అంటోంది. ఈసారి నన్నూ సగం భాగానికి రమ్మంటోంది. అన్నయ్యకి వినపడకుండా, వంటింట్లో బియ్యం ఏరుతూ చెప్పించుకుంది. ఎర్రటోపీ దగ్గర నవ్వింది. 55 రూపాయల లెక్క చూపిస్తే నవ్వు ఆపేసి కళ్ళజోడు పెట్టుకుంది. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది.

“పదహారు రకాలూ నేనే ఎక్కించాను కదే బోర్డు మీద. మాస్టరు వద్దనే అన్నాడు” అంది చాలాసేపటికి.

“ఈసారి ఎన్ని రకాలు పెడతావు వదినా?”

“పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. అంతే. పెనం వీధివైపుకి తిప్పుతాను. మాస్టరూ వద్దు, గీస్టరూ వద్దు, నేనే నించుంటాను.”

“అన్నయ్య ఒప్పుకుంటాడా, వీధిలోకి మొహం పెట్టి నించోడానికి?”

దానికి జవాబు చెప్పలేదు. చేటలో బియ్యం కిందా మీదా చేస్తూ, ఇంతసేపూ ఎవరూ ఆలోచించని ప్రశ్న వేసింది.

“అది సరేగానీ, ఆ పొగగొట్టం మన దగ్గర ఎవరు చేస్తారే? ఎంతవుతుందంటావు?”

దానవాయిపేటలో రేకుపని చేసే ఒకతన్ని అడిగి చూడాలని అనుకున్నాం.